నిండుకున్న డబ్బాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న నాయనమ్మ నాంచారమ్మ. పెరట్లో రుబ్బురోలు ముందు చతికిలబడి భుజం నొక్కుకుంటున్న అమ్మ సామ్రాజ్యం. నూనెమిల్లులో రాత్రి డ్యూటీ దిగివచ్చి నులకమంచం మీద నోరు తెరిచి నిద్రపోతున్న నాన్న ఏడుకొండలు. తలుపు చాటున నిలబడ్డ కోటేశ్వరి. పొద్దున పూట తన ఇంట్లో, మధ్యాహ్నం నుంచి వీళ్ళింట్లో ఉండే పక్కింటి రత్తమ్మ. మొత్తం నలుగురున్నర మంది.

ఈ అర లెక్క కోటేశ్వరిది కాదు. సర్వోన్నత ద్రవ్యపీఠం వారిది.

దేశంలో ధరలు ఎంత పెరుగుతున్నాయో కనిపెట్టి, దాన్ని బట్టి బ్యాంకుల వడ్డీ పెంచడమో తగ్గించడమో చేసే సంస్థ అది. ధరలు పెరుగుతుంటే వడ్డీ పెంచుతారు. అప్పు ఖరీదైతే జనం కొనడం తగ్గిస్తారు, కొనడం తగ్గితే ధరలు దిగుతాయి. ఇదీ పద్ధతి. ఇందుకోసం పూర్వం వేల ఇళ్ళకు మనుషుల్ని పంపి అడిగించేవారు. వేల ఇళ్ళూ వేల రకాలుగా చెప్పేవి. చివరికి పీఠంలో ఒక నిపుణుడు, అందర్నీ అడిగి సగటు తీసేకన్నా నేరుగా సగటు ఇంటికే వెళ్ళి అడిగితే దారి ఖర్చులు కలిసొస్తాయని వ్యాసం రాశాడు. వ్యాసానికి పతకం వచ్చింది. సగటు ఇంటి కోసం వేట మొదలైంది.

సగటు ఆదాయం చాలా ఇళ్ళకు ఉంది. సగటు కష్టాలు ఇంకా ఎక్కువ ఇళ్ళకు ఉన్నాయి. కాని దేశంలో సగటు కుటుంబానికి నలుగురున్నర మందని లెక్క తేలింది. నలుగురున్న ఇళ్ళు దొరికాయి, అయిదుగురున్నవీ దొరికాయి, ఆ అర మనిషి మాత్రం ఎక్కడా దొరకలేదు. బాపట్ల దగ్గర నేరేళ్ళవారిపాలెంలో దొరికింది. తనను అర కింద కట్టారని తెలిసి రత్తమ్మ మొదట అన్నం మానేసింది. తర్వాత ఆ మాటే వీధంతా తిరిగి చెప్పుకుంది.

పీఠం తరఫున వచ్చిన కుర్రవాడి పేరు సుధాంశు రావు. తెలుగువాడే. కాని పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. పీఠం పెట్టిన తెలుగు పరీక్షలో మొదటివాడిగా నిలిచాడని అతన్ని ఇటు పంపారు. చేతిలో పలకలాంటి ట్యాబు పట్టుకుని గడపలో నిలబడి, "పీఠం నుంచి వచ్చానండీ," అన్నాడు.

నాంచారమ్మ చటుక్కున లేచి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. స్వాములవారు ఎప్పుడు వేంచేస్తారని అడిగింది. అధ్యక్షులవారు రాజధానిలో ఉంటారనీ, ఆయన దర్శనం మంత్రులకే కష్టమనీ అతను వినయంగా చెప్పాడు. దాంతో ఆమెకు ఏ అనుమానమూ మిగల్లేదు. కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.

నాంచారమ్మ మామూలుగానే నోట అశుభం పలకదు. దీపం ఆరిపోయిందనదు, కొండెక్కిందంటుంది. గాజు పగిలిందనదు, పెరిగిందంటుంది. గడప దాటేవాళ్ళెవరూ పోతానని అనకూడదు, వస్తానని చెప్పి వెళ్ళాలి. ఇక బియ్యం, పప్పు, నూనె అయిపోయాయని అంటే ఆ మాట లక్ష్మి చెవిన పడి నిజంగానే లేచిపోతుందని ఆమె భయం. అందుకని నిండుకున్నాయంటుంది. ఆమె ఒక్కతే కాదు, ఆ వీధి వీధంతా అంతే. నాయనమ్మ నోట "నిండుకుంది" అనే మాట వింటే కోటేశ్వరి ఎక్కడున్నా సంచి పట్టుకుని కొట్టుకు బయల్దేరుతుంది. అలాంటిది పీఠం మనిషి ముందు మాట్లాడేటప్పుడు ఆమె ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి.

"కందిపప్పు ఎంత ఉంది బామ్మగారూ?" అని అడిగాడు సుధాంశు రావు.

"నిండుకుంది నాయనా."

"మినప్పప్పు?"

"అదీ నిండుకుంది."

"మరి నూనె?"

"నిన్న సందేళే నిండుకుంది. దేవుడి దీపం గూడా కొండెక్కింది."

సుధాంశు రావు ముఖం వెలిగింది. వచ్చేటప్పుడు ఈ ఇల్లు చూసి జాలిపడినందుకు లోపల సిగ్గుపడ్డాడు కూడా. అతను ట్యాబు మీద వేలు ఆడిస్తుంటే తలుపు చాటు నుంచి కోటేశ్వరికి అందులో డబ్బాల బొమ్మలు కనిపించాయి. ఒక్కొక్క డబ్బా అంచుల దాకా పచ్చరంగుతో నిండిపోతోంది. దీపం దగ్గర, కొండ ప్రాంతాలకు వెలుగు సదుపాయం విస్తరించింది, అని రాసుకున్నాడు.

కోటేశ్వరి నోరు తెరిచింది. అందులోంచి మాట రాలేదు. ఆమెకు సిగ్గు. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదే గాని నోరెత్తేది కాదు. కొత్తవాళ్ళతో ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకేసి తిరిగి చెప్పేది, గోడ మంచిదైతే వాళ్ళకు వినపడేది. అతను పేరడిగినప్పుడు కూడా నాయనమ్మే, "కోటి, బాబూ," అంది. అతను దాన్ని ఆదాయం గడిలో వెయ్యాలా పేరు గడిలో వెయ్యాలా అని కాసేపు తటపటాయించాడు.

ఆఖరి ప్రశ్న ముఖ్యమైనదట. వచ్చే ఏడాదికి ధరలు ఎలా ఉంటాయని మీ అంచనా, అని. జనం పెరుగుతాయనుకుంటే చాలు, ధరలు వాటంతటవే పెరుగుతాయని పీఠం సిద్ధాంతం.

నాంచారమ్మ చేతులు పైకి చూపించింది. "మన చేతుల్లో ఏముంది నాయనా? అంతా పైవాడి దయ."

సుధాంశు రావు గౌరవంగా తల వంచి, పై అధికారుల మీద ప్రజలకు సంపూర్ణ విశ్వాసం ఉంది, అని నమోదు చేసుకున్నాడు. అప్పుడే నిద్ర లేచిన ఏడుకొండలు చొక్కా తగిలించుకుని, "వస్తానే అమ్మా," అంటూ టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఇంటికి కొత్తగా ఒక మనిషి రాబోతున్నట్టు అదీ నమోదయింది.

కోటేశ్వరి ఆ పూట మౌనంగా ఉండడం చిన్న విషయమే అయ్యేది, గ్రైండరు సంగతి లేకపోతే.

సామ్రాజ్యం పొద్దున్నే బస్సులు ఆగే చోట ఇడ్లీ, దిబ్బరొట్టె అమ్ముతుంది. పిండి రుబ్బి రుబ్బి ఆమె కుడి భుజం పట్టేసింది. ఇప్పుడు సాయంత్రాలు రోలు తిప్పేది కోటేశ్వరే. పదో తరగతి పుస్తకాలు పక్కన పెట్టుకుని, ఒక చేత్తో పొత్రం తిప్పుతూ ఒక కంటితో పాఠం చదివేది. పొదుపు సంఘం అప్పిస్తే పెద్ద గ్రైండరు కొనాలని సామ్రాజ్యం ఆశ. అప్పుడున్న వడ్డీకైతే ఇడ్లీల మీద వచ్చేదానితో వాయిదా సరిపోతుందని సంఘం లీడరు కూడా అంది.

సామ్రాజ్యం కూతురితో మాట దాచలేదు. "గ్రైండరొస్తే నువ్వు బాపట్లలో ఇంటర్లో చేరు. రాకపోతే నువ్వే నా గ్రైండరువి," అంది. నవ్వుతూనే అంది గాని, ఆ మాటలో నవ్వు పైపైనే ఉంది.

వారం తిరక్కుండా టీవీలో పీఠం అధ్యక్షులు డాక్టర్ మార్తాండం గారు కనిపించారు. తెల్లని జుట్టు, సన్నని గొంతు. దేశంలో సగటు గృహం డబ్బాలన్నీ అంచుల వరకు నిండి ఉన్నట్టు విశ్వసనీయంగా తెలిసిందన్నారు. ధరలు పెరుగుతాయన్న భయం లేకపోతే ఎవరూ అంత సరుకు దాచరనీ, ఇది అత్యంత ఆందోళనకరమైన ముందస్తు నిల్వల మనస్తత్వమనీ, దాన్ని మొగ్గలోనే తుంచడానికి వడ్డీ పావు శాతం పెంచుతున్నామనీ ప్రకటించారు.

"ఎవురో గాని బాగా కలిగినోళ్ళు," అంది నాంచారమ్మ, ఖాళీ డబ్బా బోర్లించి తుడుస్తూ.

సంఘం లీడరు వచ్చి అప్పు వచ్చే నెల చూద్దామంది. వచ్చే నెలకు సుధాంశు రావు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉప్పు, చింతపండు కూడా నిండుకున్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, నీళ్ళు తోడుతుంటే సామ్రాజ్యం గాజులు రెండు పెరిగాయి. ఆభరణాలు కూడా పెరుగుతున్నాయని విని సుధాంశు రావుకు చెమట పట్టింది. టీవీలో మార్తాండం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, సామాన్యుడు ఆభరణాల మోజులో పడ్డాడని బాధపడ్డారు. వడ్డీ ఇంకో పావు పెరిగింది.

అక్కడి నుంచి బండి దానంతటదే నడిచింది. వడ్డీ పెరిగినందువల్ల మిల్లు యజమాని రాత్రి డ్యూటీలు తగ్గించాడు. ఏడుకొండలు జీతం తగ్గింది. జీతం తగ్గగానే ఇంకో రెండు డబ్బాలు నిండుకున్నాయి. డబ్బాలు నిండుకున్నాయని పీఠం మళ్ళీ వడ్డీ పెంచింది. బస్సు దిగేవాళ్ళు ఇడ్లీ బదులు టీతో సరిపెట్టుకున్నారు. బియ్యం డబ్బా నిండుకుంది. పీఠంలో అత్యవసర సమావేశం జరిగింది. ఇంత పెంచినా ఆ ఇంట్లో నిల్వలు పెరుగుతూనే ఉన్నాయంటే వాళ్ళెంత మొండివాళ్ళో, అని ఒక సభ్యుడు ఆశ్చర్యపోయాడట.

మినప్పప్పు ధర మండిపోతోందని సామ్రాజ్యం ఇడ్లీ మీద ఒక రూపాయి పెంచబోయింది. సుధాంశు రావు పరుగున వచ్చి అడ్డుపడ్డాడు. ఇది సగటు ఇల్లు కాబట్టి ఇక్కడ ఇడ్లీ ధరే దేశపు ఇడ్లీ ధరనీ, ఇక్కడ రూపాయి పెరిగితే దేశమంతా పెరిగినట్టేననీ చేతులు జోడించి చెప్పాడు. సామ్రాజ్యం చాలాసేపు అతని కేసి చూసి, ఇడ్లీ సైజు తగ్గించింది. ధర స్థిరంగా ఉన్నట్టు నమోదయింది. పీఠం పత్రికలో ఆ ఇడ్లీ ఫొటో వేశారు. పెద్దది చేసి వేశారు.

"మరి మాకు గ్రైండరు కొనుక్కునే దారేది బాబూ?" అని ఆమె అడిగింది.

"కొనకూడదండీ. కొంటే మీరు సగటు కన్నా పైకి పోతారు. మళ్ళీ అర మనిషిని మేమెక్కడ వెతకాలి?"

"అట్టాగా. ఇంకా కిందకి పోతే?"

సగటే మీతో పాటు వస్తుందని అతను ధైర్యం చెప్పాడు.

ఎవరైనా ఒక్కసారి డబ్బా మూత తీసి చూస్తే సరిపోయేది. కాని పీఠం నిబంధనల ప్రకారం కొలవాల్సిన దాన్ని తాకకూడదు, తాకితే కొలత మారిపోతుంది. అదీగాక నిల్వలు దుర్వినియోగం కాకుండా అప్పటికే డబ్బాలన్నిటికీ లక్క సీళ్ళు వేయించారు. నాంచారమ్మకు దాని మీద ఫిర్యాదేమీ లేదు. పీఠం ముద్ర పడిన డబ్బాలకు రోజూ కుంకుమ బొట్టు పెట్టి, కొట్టు నుంచి తెచ్చిన గుప్పెడు పప్పును ఒక గిన్నెలో పెట్టుకునేది. పొట్లంలో ఎంత వస్తే అంత. ఆ గిన్నె జాబితాలో లేదు.

కోటేశ్వరి మాత్రం కుదురుగా లేదు. సుధాంశు రావు వచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకునేది. ఒకసారి ఏడుకొండలుతో చెప్పింది. ఆయన ఆవులించి, అంత చదువుకున్నోళ్ళకు ఆ మాత్రం తెలవదా అన్నాడు. రత్తమ్మతో చెప్పింది. రత్తమ్మకు ముచ్చటేసింది గాని, అర మనిషి హోదా ఎక్కడ పోతుందోనని, "పెద్దోళ్ళ సంగతి మనకెందుకే," అంది. అమ్మతో చెబితే అమ్మ రోలు ఆపి, "ఆ ముక్క నాకు కాదు, వాళ్ళకి చెప్పు," అంది.

పది ఫలితాలు వచ్చాయి. కోటేశ్వరికి బడి మొత్తానికి ఎక్కువ మార్కులు వచ్చాయి. బాపట్ల కాలేజీలో చేరడానికి గడువు దగ్గరపడింది. ఈసారి వడ్డీ వెనక్కి దిగకపోతే గ్రైండరు అప్పు జాబితాలోంచి తీసేస్తామని సంఘం లీడరు కబురు చేసింది. అదే వారం పీఠం ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంది. దేశపు వడ్డీని నిర్ణయించే సమావేశం రాజధానిలో కాక, ఈసారి నేరుగా సగటు ఇంట్లోనే.

కార్లు వీధిలో పట్టక చేలగట్టు మీద ఆగాయి. షామియానావాడి దగ్గర కుర్చీలు తెచ్చి ముందుగదిలో వేశారు. మార్తాండం గారు లోపలికి అడుగుపెట్టగానే నాంచారమ్మ పళ్ళెంలో పసుపు నీళ్ళు తెచ్చి ఆయన పాదాల ముందు కూర్చుంది. ఇది స్థానిక ప్రోటోకాల్ కాబోలని ఆయన బూట్లు విప్పి కాళ్ళు పళ్ళెంలో పెట్టారు. మనవరాలికి చదువబ్బుతుందా స్వామీ అని ఆమె అడిగింది. దీర్ఘకాలంలో అన్నీ సర్దుకుంటాయని ఆయన సెలవిచ్చారు. ఆమె ఆ మాట కళ్ళకద్దుకుంది.

తర్వాత ఆయన వంటింట్లోకి వచ్చి డబ్బాల వరసను చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. నిబంధనకు లోబడి వేలి గోటితో మాత్రం ఒక డబ్బాను తట్టారు. అది ఖంగుమని మోగింది.

"ఎంత స్పష్టమైన ధ్వని," అన్నారు. వెనకనున్న సభ్యులు అవునన్నారు.

సమావేశం మొదలైంది. సుధాంశు రావు నిలబడి నివేదిక చదివాడు. సగటు గృహంలో అన్నీ నిండుకున్నాయనీ, నిండుకోనిదంటూ ఏదీ లేదనీ చెప్పాడు. సభ్యులు దీర్ఘంగా నిట్టూర్చారు. ఈసారి పావు చాలదు, అర పెంచాలని ఒకాయన అన్నారు. అర అన్న మాట వినపడి రత్తమ్మ కిటికీ దగ్గర కొంగు సర్దుకుంది.

కోటేశ్వరి గుమ్మంలో నిలబడి ఉంది. మంచినీళ్ళ గ్లాసులు అందించడానికి ఆమెను అక్కడ ఉండనిచ్చారు. అర శాతం, అప్పు, గ్రైండరు, రోలు, బాపట్ల బస్సు అన్నీ ఆమె తలలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గోడకేసి తిరిగింది. ఆ గోడ నిండా పీఠం వారి గ్రాఫులు అతికించి ఉన్నాయి, చెప్పుకోవడానికి జాగా లేదు. ఇక గత్యంతరం లేక మనుషుల వైపే తిరిగింది.

"నిండుకోవడం అంటే అయిపోవడమండీ," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గ్లాసుల పళ్ళెం కింద పెట్టి మళ్ళీ చెప్పింది. "మా ఇళ్ళల్లో లేదు అనరండీ. నిండుకుంది అంటారు. ఆ డబ్బాలన్నీ ఖాళీవే. ఫస్టు నుంచీ ఖాళీవే."

సుధాంశు రావు తెల్లబోయి, తన తెలుగు పరీక్షను మొదటి ప్రశ్న నుంచి గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఒక సభ్యుడు మెల్లగా, అయితే మనం ఇన్నాళ్ళూ పెంచిన వడ్డీ, అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు.

మార్తాండం గారికి కోపం రాలేదు. ఆయన చిరునవ్వు నవ్వారు.

"చాలా విలువైన సమాచారం. అంటే డబ్బాలు ఖాళీ. డబ్బాలు ఖాళీగా ఉన్న జనం ఏం చేస్తారు? బజారు మీద పడతారు. అందరూ ఒక్కసారి కొనడానికి ఎగబడితే ధరలు ఏమవుతాయి?"

"పెరుగుతాయి," అన్నారు సభ్యులు.

"ధరలు పెరిగే ప్రమాదం ఉంటే మనం ఏం చెయ్యాలి?"

"వడ్డీ పెంచాలి."

"అర శాతం అనుకున్నాం. పరిస్థితి ఇంత తీవ్రమని తెలిసింది కాబట్టి ముప్పావు." ఆయన కోటేశ్వరి వైపు దయగా చూశారు. "చూశావా అమ్మా, పీఠం నిర్ణయం ఎప్పుడూ సరైనదే. కారణాలను మాత్రం కాలానుగుణంగా సవరించుకుంటూ ఉంటాం."

సభ్యులు బల్ల చరిచారు. అది ఇడ్లీ బల్ల, ఒక కాలు కొంచెం ఊగింది. సుధాంశు రావు ఊపిరి పీల్చుకుని ట్యాబులో పచ్చరంగంతా చెరిపేశాడు. కింద తేలిన, వడ్డీ పెంచాలన్న ఫలితం మాత్రం మారలేదు. పెరట్లో సామ్రాజ్యం, వినకూడనిది విన్నట్టు, రేపటి పప్పు రోట్లో పోసింది. గ్రైండరు గురించి ఆమె ఇంకెవర్నీ అడగదని కోటేశ్వరికి ఆ చప్పుడులోనే తెలిసిపోయింది.

ఒకసారి నోరు తెరుచుకున్నాక మూతపడడం కష్టమని కోటేశ్వరికి అంతకుముందు తెలియదు. ఆమె కదల్లేదు. భయం ఎక్కడికి పోయిందో వెతుక్కునే తీరిక కూడా లేకపోయింది.

"నిండుగా ఉన్నా పెంచుతారు, ఖాళీగా ఉన్నా పెంచుతారు. మరి డబ్బాలు ఎట్టా ఉంటే తగ్గిస్తారండీ?"

మార్తాండం గారు సభ్యుల వైపు చూశారు. సభ్యులు ఒకరి వైపు ఒకరు చూసుకుని, తర్వాత గ్రాఫుల వైపు చూశారు. ఆయన నెమ్మదిగా లేచి, తడి ఆరని కాళ్ళతోనే గుమ్మం దాకా నడిచి వచ్చారు. ద్రవ్య విధానం మీద చర్చ జరిగేటప్పుడు ప్రజలు దగ్గరుండకూడదనీ, ఉంటే వాళ్ళ అంచనాలు చెదిరిపోతాయనీ ఎంతో మర్యాదగా చెప్పారు. ఆమె భుజం మీద చెయ్యి వేసి గడప అవతలికి పంపి, ఆమె ఇంటి తలుపును ఆమె ముఖం మీదే మూసి, లోపల గడియ పెట్టుకున్నారు.